ఆ ఐదు పేపర్లు చదివి నిర్ణయించండి: విశ్వవిద్యాలయాల ఎంపిక కమిటీలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, ఎంపిక కమిటీల సభ్యులకు నమస్కారం.

నేనొక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కణజీవశాస్త్రం చెబుతాను, ఒక చిన్న ల్యాబ్ నడుపుతాను. అధ్యాపక పోస్టులకు, ప్రమోషన్లకు మీ ముందుకొచ్చే దరఖాస్తుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ప్రతి దరఖాస్తుకూ మొదట్లోనే ఒక పట్టిక ఉంటుంది. మొత్తం పేపర్లు ఎన్ని, సైటేషన్లు (ఇతర పేపర్లు వాటిని ప్రస్తావించిన సార్లు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ (ఈ రెంటినీ కలిపి చూపే అంకె) ఎంత, ఒక్కో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లకు వచ్చే సగటు సైటేషన్లు) ఎంత. చాలామంది అభ్యర్థుల సంగతి ఆ పట్టిక దగ్గరే తేలిపోతోంది. వెనక జతచేసిన పేపర్లను తెరిచి చూసేవాళ్లు అరుదు. కనీసం కణజీవశాస్త్రం పోస్టుల వరకైనా ఈ పద్ధతి మానాలని, అభ్యర్థి తానే ఎంచి ఇచ్చిన ఐదు పేపర్లు చదివి నిర్ణయం తీసుకోవాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఎందుకో చెప్పడానికి జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి పని కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కణం తనలోని పాత భాగాలను పొరలో చుట్టి, అరిగించుకుని, వచ్చిన ముడిసరుకును మళ్లీ వాడుకుంటుంది. దీన్ని ఆటోఫాజీ అంటారు. 1963లో క్రిస్టియన్ డి డ్యూవ్ ఆ పేరు పెట్టారు కానీ, దాన్ని నడిపించే జన్యువులేమిటో ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 1988లో, 43 ఏళ్ల వయసులో, టోక్యో విశ్వవిద్యాలయంలో ఒసుమికి సొంత ల్యాబ్ వచ్చింది. ఆయన ఈస్ట్ కణాలను ఎంచుకున్నారు. ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైములు లేని ఈస్ట్‌ను ఆహారం లేకుండా ఉంచి, మామూలు లైట్ మైక్రోస్కోప్ కింద గమనించారు. కొద్ది గంటల్లోనే కణంలో అరుగుదల జరిగే వాక్యూల్ లోపల చిన్న చిన్న సంచులు పోగుపడ్డాయి. 1992లో ఆ పరిశీలనను ప్రచురించారు. మరుసటి ఏడాది, జన్యువుల్లో మార్పు వచ్చిన వేల ఈస్ట్ కణాలను (మ్యూటెంట్లను) జల్లెడ పట్టి ఆటోఫాజీకి అవసరమైన 15 జన్యువులను గుర్తించిన పేపర్ వచ్చింది. దానికి ఇద్దరే రచయితలు. అచ్చయిన పత్రిక ఫెబ్స్ లెటర్స్. మంచి పత్రికే, కానీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పట్టికల్లో పైవరసలో ఉండేది కాదు.

అప్పట్లో ప్రపంచం మొత్తం మీద ఆటోఫాజీపై పనిచేసేవాళ్లు చాలా కొద్దిమంది. ఒక పేపర్‌ను సైట్ చేయాలంటే ఆ విషయం మీద రాసేవాళ్లు ఉండాలి కదా. రాసేవాళ్లే లేనిచోట సైటేషన్లు ఎక్కడి నుంచి వస్తాయి? క్యాన్సర్‌తో, పార్కిన్సన్స్ లాంటి నాడీ జబ్బులతో ఆటోఫాజీకి ఉన్న సంబంధం ఒక్కొక్కటిగా బయటపడ్డాక ఆ రంగం నిండింది. 2016లో వైద్యశాస్త్ర నోబెల్ ఒసుమి ఒక్కరికే ఇచ్చారు. పేపరుకు, బహుమతికి మధ్య 23 ఏళ్లు గడిచాయి. మీరు అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ఎంచేది ఆ 23 ఏళ్ల చివర కాదు, మొదటి రెండు మూడేళ్లలో. కొత్త దారి తొక్కినవాళ్ల పట్టిక ఖాళీగా కనిపించేది సరిగ్గా అప్పుడే.

అదే రంగంలో ఇంకో పేపర్ చూడండి. ఆటోఫాజీని ప్రయోగశాలలో ఎలా కొలవాలి, ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్న మార్గదర్శకాల మూడో కూర్పు 2016లో వచ్చింది. రచయితలు రెండు వేల మందికి పైనే. అవసరమైన పేపరే, మా ల్యాబులో పిల్లలు కూడా దాన్ని చూసుకుంటారు. దానికి వేల సైటేషన్లు రావడం న్యాయమే. కానీ ఆ సైటేషన్లన్నీ ప్రతి రచయిత ఖాతాలోనూ పూర్తిగా జమవుతాయి. ఇద్దరు కూర్చుని వేల మ్యూటెంట్లు పరీక్షించిన పేపర్, రెండు వేల మంది తలా ఒక చెయ్యి వేసిన పేపర్, మీ పట్టికలో మాత్రం ఒక్కో గడే. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో, పేపరుకు ఇచ్చే పాయింట్లలో రచయితల వాటాకు ఒక లెక్క ఉంది. ఇద్దరి కంటే ఎక్కువమంది ఉంటే మొదటి లేదా కరస్పాండింగ్ (పేపరు బాధ్యత తీసుకునే) రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం. ముగ్గురున్నా 30 శాతమే, రెండు వేల మంది ఉన్నా 30 శాతమే. ఎవరేం చేశారో పేపర్ చివర రాసి ఉంటుంది. అది చదివితే తప్ప ఈ తేడా తెలియదు.

అవే నిబంధనలు జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి పేపరుకు అదనపు పాయింట్లు కలుపుతాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని రిఫరీడ్ జర్నల్ (నిపుణులు పరిశీలించాకే అచ్చువేసేది) అయితే 5 పాయింట్లు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 10 దాటిన జర్నల్ అయితే 30. అంటే ఆరు రెట్ల తేడా పేపరులో ఏముందన్న దాన్నిబట్టి రాదు, ఎక్కడ అచ్చయింది అన్నదాన్నిబట్టి వస్తుంది. ఈ కొలత యూజీన్ గార్‌ఫీల్డ్ సైటేషన్ ఇండెక్స్ పని నుంచి పుట్టింది. ఏ జర్నళ్లను సూచీలో చేర్చాలి, గ్రంథాలయాలు వేటికి చందా కట్టాలి అన్న ప్రశ్నలకు పనికొచ్చే కొలత. గత రెండేళ్లలో ఆ జర్నల్లో వచ్చిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు, అంతే. ఆ సగటు ఎంత తేలిగ్గా తలకిందులవుతుందో 2009లో తెలిసింది. ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ అనే పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక్క ఏడాదిలో 2 నుంచి దాదాపు 50కి ఎగబాకింది. కారణం 2008లో వచ్చిన ఒకే ఒక్క పేపర్. స్ఫటిక నిర్మాణాలు లెక్కగట్టే ప్రోగ్రాముల గురించి రాసిన ఆ పేపరును వాడినవాళ్లందరూ సైట్ చేశారు. ఆ ఏడాది అదే పత్రికలో అచ్చయిన మిగతా పేపర్ల నాణ్యత ఏమీ మారలేదు. మన పాయింట్ల లెక్కలో మాత్రం అందరి విలువా పెరుగుతుంది.

సైటేషన్లు దేన్ని కొలుస్తాయో తెలుసుకోవాలంటే, చరిత్రలో అన్నిటికంటే ఎక్కువసార్లు సైట్ అయిన పేపర్ ఏదో చూడాలి. 1951లో ఆలివర్ లౌరీ బృందం ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి గురించి రాసిన పేపర్ అది. మూడు లక్షల సార్లకు పైగా సైట్ అయింది. అది తన గొప్ప పేపర్ కాదని లౌరీయే చెప్పుకున్నారు. రెండో స్థానంలో ఉన్నది 1970లో ఉల్రిష్ లెమ్లి రాసిన పేపర్. అసలు విషయం ఒక వైరస్ తలభాగం ఎలా కూడుతుందన్నది. దాన్ని సైట్ చేసినవాళ్లలో ఎక్కువమందికి ఆ వైరస్‌తో పనే లేదు, అందులోని, ప్రొటీన్లను విడదీసే జెల్ పద్ధతి కావాలి. మా ల్యాబుల్లో రోజూ నడిపే జెల్ అదే. పద్ధతులు ఇచ్చినవాళ్లకు పేరు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక పద్ధతికి వచ్చిన లక్ష సైటేషన్లను, ఒక కొత్త సంగతి కనిపెట్టిన పేపరుకు వచ్చిన ముప్పై సైటేషన్లను పక్కపక్కన పెట్టి పెద్దది చిన్నది అనడం కుదరదు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కష్టపడుతుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే‌తో కలిసి, ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. తరతరాల జీవరసాయన విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చేసి మార్కులు తెచ్చుకున్నారు. దాని ఆధారంగానే ఆయన 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత ఏటీపీని పట్టుకున్నారు. కణం బతకడానికి ఖర్చుపెట్టే శక్తిని మోసే అణువు ఏటీపీయే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఈ రోజు ఏటీపీ అని రాసేవాళ్లెవరూ 1929 నాటి పేపరును సైట్ చేయరు. ఒక ఆవిష్కరణ పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోయాక దాని సైటేషన్లు ఆగిపోతాయి. సైన్సులో అంతకంటే లోతైన ప్రభావం లేదు. అయినా సైటేషన్ లెక్కకు అది అందదు. భీమవరంలో పుట్టిన మనిషి పేరు మీద ఏటా సభలు పెట్టుకునే మనం, ఆయనలాంటి వాళ్లను ఇప్పుడు ఎలా ఎంచుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

ఇక నేను దగ్గర నుంచి చూసిన ఒక విషయం. నా దగ్గర పీహెచ్‌డీ చేసిన ఒకమ్మాయి మైటోకాండ్రియా మీద పనిచేసేది. వేరే చోట నుంచి తెచ్చుకున్న సెల్ లైన్ (ల్యాబులో నిరంతరం పెంచే ఒకే రకం కణాలు) పెరుగుతున్న తీరు చూసి ఆమెకు అనుమానం వచ్చింది. డీఎన్ఏ ప్రొఫైల్ పరీక్షకు పంపిస్తే, మేము అనుకుంటున్న కణాలు కావని, హీలా కణాలని తేలింది. అప్పటిదాకా తీసిన డేటా మొత్తం పక్కన పెట్టి, పరీక్ష చేసిన కొత్త కణాలతో మళ్లీ మొదటికి వచ్చింది. అవే కణాలు తీసుకున్న ఇతర ల్యాబులకు తనే మెయిళ్లు రాసి హెచ్చరించింది. ఆ టెన్షన్‌లో ఆమె సరిగ్గా నిద్రపోని రోజులు నాకు తెలుసు. చివరికి మంచి పేపర్ వచ్చింది, కానీ ఒక్కటే వచ్చింది. ఆ తర్వాత ఒక విశ్వవిద్యాలయంలో స్క్రీనింగ్ స్కోరు చాలక ఇంటర్వ్యూ దాకా కూడా రాలేకపోయింది.

హీలా కణాలు 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ క్యాన్సర్ గడ్డ నుంచి తీసినవి. అవి ఎంత చురుగ్గా పెరుగుతాయంటే, పొరపాటున పక్క ఫ్లాస్కులోకి చేరితే కొన్నాళ్లకు అందులో అవే మిగులుతాయి. ఈ ప్రమాదం గురించి 1966లోనే స్టాన్లీ గార్ట్లర్ చెప్పారు. అయినా ఆగలేదు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం, ఇలా పేరు ఒకటి, కణం మరొకటి అయిన సెల్ లైన్లు వాడిన పేపర్లను వెతికితే 32,755 దొరికాయి. వాటిని సైట్ చేసిన పేపర్లు సుమారు 5 లక్షలని అంచనా వేసింది. ఆ సైటేషన్లన్నీ ఎవరో ఒకరి హెచ్-ఇండెక్స్‌లో ఉన్నాయి, ఎవరో ఒకరి ప్రమోషన్‌లో ఉన్నాయి. కణాలను పరీక్ష చేయించి, రెండేళ్ల పని వదులుకున్న అమ్మాయి మాత్రం గీత దాటలేదు. ఆమెకు జరిగింది అన్యాయం. ఆమె పేపరులో కణాల పరీక్ష వివరాలు పద్ధతుల భాగంలో స్పష్టంగా ఉన్నాయి, ఎవరైనా ఒక పావుగంట చదివితే కనిపించేవి.

పేపర్ల సంఖ్య కోసం ఒత్తిడి పెంచితే ఏమవుతుందో మా రంగంలోనే కనిపిస్తుంది. ఎలిజబెత్ బిక్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు 20,621 జీవవైద్య పేపర్లలోని చిత్రాలను కంటితో పరిశీలించి 2016లో ఫలితం ప్రకటించారు. 3.8 శాతం పేపర్లలో ఒకే చిత్రాన్ని వేరు వేరు ప్రయోగాల పేరుతో వాడటం లాంటి తేడాలు కనిపించాయి. ఎక్కువగా వెస్టర్న్ బ్లాట్లు, అంటే ప్రొటీన్లను గుర్తించడానికి మేం రోజూ తీసే చిత్రాలే. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. స్కోరు కోసం పేపర్లు కావాలని మనం అడిగినంత కాలం అలాంటి పత్రికలకు గిరాకీ ఉంటూనే ఉంటుంది.

ఏటా పత్రికల్లో ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్లు’ అని వార్తలు వస్తాయి. ఆ జాబితాలో చేరినవాళ్లలో నిజంగా గొప్ప పని చేసినవాళ్లున్నారు, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ దాన్ని ఎంపికకు తూకంగా వాడకండి. సైటేషన్ల లెక్కతో ఆ జాబితా తయారుచేసే జాన్ అయోనిడిస్ బృందం అందులో సొంత సైటేషన్లు తీసేసిన లెక్కను విడిగా ఎందుకు ఇస్తోందో గమనించండి. తమ సైటేషన్లలో సగానికి పైగా తమ నుంచి, తమ సహ రచయితల నుంచే వచ్చినవాళ్లు కనీసం 250 మంది ఉన్నారని 2019 నాటి వాళ్ల డేటాలోనే బయటపడింది.

మీలో చాలామందికి వచ్చే సందేహం నాకు తెలుసు. అంకెలు పక్కన పెడితే సిఫార్సులు రావా? ఫలానావారి మనిషి, ఫలానా కులం, ఫలానా ఎమ్మెల్యే ఉత్తరం అని మొదలవదా? ఇది తేలిగ్గా తీసిపారేసే సందేహం కాదు. పలుకుబడి లేని ఇంట్లో పుట్టి, కేవలం స్కోరు బలంతో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు నా సహోద్యోగుల్లో ఉన్నారు. అంకెలే తమను కాపాడాయని వాళ్లు నమ్ముతారు, ఆ నమ్మకానికి కారణం ఉంది. 2010లో బోధనకు, పేపర్లకు పాయింట్లిచ్చే యూజీసీ ఏపీఐ స్కోర్లు వచ్చినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నది కూడా అందుకే.

కానీ పలుకుబడి అంకెల్లోకి కూడా వచ్చేసింది. పరికరం వాడుకోనిచ్చినందుకు ఒక పేరు, శాఖాధిపతి కాబట్టి ఒక పేరు, ఒకరి పేపరులో ఒకరు పేర్లు పెట్టుకునే ఒప్పందాలు మన విభాగాల్లో అందరికీ తెలుసు. పెద్ద సంస్థలో, పెద్ద గైడ్ దగ్గర చేసినవాళ్లకు సైటేషన్లు ఊరికే వస్తాయి. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కోసం వేరే సంస్థలో స్లాటు అడుక్కుని, ఫ్రీజర్‌కు కరెంటు పోకుండా రాత్రి కాపలా కాసి, పేపరు అచ్చుకు లక్షల్లో ఫీజు కట్టలేక పాఠకుల చందాతో నడిచే పత్రికకు పంపిన జిల్లా విశ్వవిద్యాలయం పిల్లకు రావు. నేచర్ పత్రికలో పేపర్ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉండాలంటే 2021లో 9,500 యూరోలు అడిగారు. ఆ డబ్బు మా విభాగంలో ఎవరి దగ్గరుంది? పలుకుబడి లేనివాళ్లను అంకెలు కాపాడతాయన్నది సగమే నిజం.

సిఫార్సును ఆపేది అంకె కాదు, రాతపూర్వక కారణం. ఈ అభ్యర్థి ఫలానా పేపరులో ఫలానా ప్రశ్న అడిగారు, ఫలానా ప్రయోగంతో తేల్చారు, అందులో ఈ లోపం ఉంది అని చదివినవాళ్లు ఒక పేజీ రాసి సంతకం పెట్టాలి. ఆ పేజీ సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వాలి. అభ్యర్థి సెమినార్‌కు విభాగంలోని విద్యార్థులందరినీ కూర్చోనివ్వాలి. ఎంఎస్సీ పిల్లల ముందు తన పని గురించి వివరించలేని మనిషి ఎవరి సిఫార్సుతో వచ్చినా అక్కడ తేలిపోతారు. చదివేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారంటారా? హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, టీఐఎఫ్ఆర్ లాంటి పరిశోధన సంస్థలున్నాయి, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతిలో ఐసర్ ఉంది. కణజీవశాస్త్రం పేపర్ చదివి అభిప్రాయం చెప్పగలవాళ్లు దేశంలో ఇంతమంది ఒక్కచోట దొరికే ప్రాంతాలు తక్కువ.

ఇది నేను కొత్తగా తెచ్చిన వాదన కాదు. 2012 డిసెంబరులో అమెరికన్ కణజీవశాస్త్ర సంఘం వార్షిక సమావేశం శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినప్పుడు, అక్కడికొచ్చిన సంపాదకులు, ప్రచురణకర్తలు కూర్చుని ఒక ప్రకటన తయారుచేశారు. నియామకాల్లో, ప్రమోషన్లలో, నిధుల కేటాయింపులో ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను ఒక శాస్త్రవేత్త పనికి కొలతగా వాడకూడదన్నది దాని సారాంశం. డోరా అని పిలిచే ఆ ప్రకటన మీద మన దేశంలో పరిశోధనలకు నిధులిచ్చే డీబీటీ-వెల్‌కమ్ ఇండియా అలయన్స్ కూడా సంతకం చేసింది. 2013 డిసెంబరులో నోబెల్ అందుకున్న కణజీవశాస్త్రవేత్త రాండీ షెక్‌మన్, నేచర్, సెల్, సైన్స్ పత్రికలకు ఇక తన ల్యాబ్ నుంచి పేపర్లు పంపనని అదే నెలలో ప్రకటించారు. 2020లో చైనా ప్రభుత్వం పేపర్లకు నగదు బహుమతులు వద్దని, సైటేషన్ సూచీల మీద ఆధారపడటం తగ్గించాలని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం నియామకాల్లో, ప్రమోషన్లలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను పక్కన పెట్టేసింది. మన యూజీసీ కూడా 2022లో పీహెచ్‌డీ థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేసింది. ప్రతి విద్యార్థీ ఏదో ఒకటి అచ్చువేయించుకోవాల్సిన అవస్థ ఆ మేరకు తగ్గింది.

కేంద్రం విద్యాసంస్థలకిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో పరిశోధనకు 30 మార్కులున్నాయని, వాటిలో ప్రచురణలు, సైటేషన్లదే పెద్ద వాటా అని, ప్రభుత్వం మిమ్మల్ని అడిగేది ఆ ర్యాంకేనని నాకు తెలుసు. సంస్థ మొత్తం లెక్క ఎలాగూ వేల పేపర్ల మీద నడుస్తుంది, అది వేరు. ఒక మనిషికి ముప్పై ఏళ్ల ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది వేరు. యూజీసీ స్కోరు స్క్రీనింగ్‌కు అర్హత చూడటానికి వాడాల్సి వస్తే వాడండి. దాని మీద మీరు సొంతంగా పెట్టుకున్న హెచ్-ఇండెక్స్ గీతలు, ఇంటర్వ్యూలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడికలు మాత్రం ఏ నిబంధనా అడగలేదు. వాటిని మీ ఒక్క సంతకంతో తీసేయవచ్చు.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే నోటిఫికేషన్‌లో కణజీవశాస్త్రం పోస్టు ఒక్కటైనా ఉంటే, దాని దరఖాస్తులో అభ్యర్థి ఎంచుకున్న ఐదు పేపర్లు, ఒక్కో దాంట్లో తను స్వయంగా చేసిన పని ఏమిటో పది వాక్యాల్లో రాయమని అడగండి. ఐదు లేకపోతే రెండైనా సరే. ప్రచురణకు ముందు ఆన్‌లైన్‌లో ప్రీప్రింట్‌గా పెట్టినవాటిని కూడా ఒప్పుకోండి. సెల్ లైన్లు పరీక్ష చేయించారా, అసలు చిత్రాలు దాచి ఉంచారా, తయారుచేసిన ప్లాస్మిడ్‌లు (జన్యువులను మోసే డీఎన్ఏ వలయాలు), ప్రయోగాలకు పెంచే ఈగల స్టాకులు, కణాలు ఇతరులకు పంపారా అని అడగండి. ఎవరికైనా పంపి ఉంటే ఆ ల్యాబుల నుంచి ఒక మాట తెప్పించుకోండి. బయటి నుంచి ఇద్దరు చదివేవాళ్లను పెట్టండి. వాళ్లకు నెల రోజుల సమయం, తగిన పారితోషికం ఇవ్వండి. ఇంటర్వ్యూ పది నిమిషాల్లో ముగించకండి.

ఇందుకు దరఖాస్తు ఫారం నమూనా, చదివేవాళ్లు పూరించాల్సిన పేజీ నమూనా నేను, కొందరు సహోద్యోగులు కలిసి తెలుగులో, ఇంగ్లీషులో తయారుచేసి ఉంచాం. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు వచ్చి అందజేస్తాం. ఆ రోజు మా పేపర్లనే ముందు పరీక్షకు పెట్టి, ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో మీ ఎదురుగానే చూపిస్తాం.

భవదీయ,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ కణజీవశాస్త్ర అధ్యాపకురాలు